అచ్చులో ఇంకాసేపు ఉంచండి: రెజిన్ కిట్లు పోసేవారికి బహిరంగ లేఖ

చిన్న చిన్న వర్క్‌షాపుల్లో రెజిన్ (కలిపి అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవం) పోసి, ఓడలు, విమానాల బొమ్మలు కట్టుకునే మోడల్ కిట్లు అమ్మే వారందరికీ, ఆ పనిని ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్న మన కుర్రాళ్లకీ నమస్కారం.

నేను విశాఖపట్నంలో డెంటల్ ల్యాబ్ టెక్నీషియన్ని. ఇరవై రెండేళ్లుగా కట్టుడు పళ్లు, క్యాపులు, పిల్లల పళ్లకు పెట్టే క్లిప్పులు చేస్తున్నాను. కాబట్టి మీ పని నాకు కొత్త కాదు. అచ్చు తీయాలి, అందులో పోయాలి, గట్టిపడేదాకా ఆగాలి, బయటికి తీసి అరగదీయాలి. అయితే నేను చేసిన సెట్టు అర మిల్లీమీటరు వంకరగా ఉంటే మర్నాడే పేషెంటు వెనక్కి తెచ్చి టేబుల్ మీద పెడతాడు. మీరు పోసిన పార్టు నాలుగు మిల్లీమీటర్లు వంకరగా ఉన్నా, కొన్నవాడు ఎక్కడో దూరాన ఉంటాడు కనుక మీ దాకా రాడు. పొయ్యి మీద నీళ్లు పెట్టుకుని తనే తంటాలు పడతాడు. అలా తంటాలు పడ్డవాళ్లలో ఒకడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరు లేకపోతే మాకు ఇష్టమైన చాలా ఓడలు, విమానాలు మా బల్ల మీదికి రానే రావు. ఆ కృతజ్ఞత నాకు ఎప్పుడూ ఉంది. ప్లాస్టిక్ కిట్లు చేసే పెద్ద కంపెనీ ఒక స్టీలు అచ్చు కోయించాలంటే బోలెడు డబ్బు పెట్టాలి, అది తిరిగి రావాలంటే వేలల్లో కిట్లు అమ్ముడుపోవాలి. అందుకే వాళ్లు అందరూ కొనే, రెండో ప్రపంచ యుద్ధం నాటి ప్రసిద్ధ విమానాలు, ఓడలైన జీరో, స్పిట్‌ఫైర్, బిస్మార్క్‌ల చుట్టూనే ఎక్కువగా తిరుగుతారు. మన మారుత్ సంగతి చూడండి. జర్మనీలో ఫోక్-వుల్ఫ్ 190 యుద్ధ విమానం గీసిన కర్ట్ టాంక్ బెంగళూరు వచ్చి, మన ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్‌లో గీసిన విమానం అది. 1961 జూన్ 17న మొదటిసారి ఎగిరింది. మొత్తం తయారైనవి 147. దాని మోడల్ కావాలనుకునేవాళ్లు ప్రపంచం మొత్తం మీద ఎంతమంది ఉంటారు? అలాంటి విమానాన్ని ఒక గదిలో కూర్చుని, సిలికాన్ రబ్బరు అచ్చు కట్టి, రెండు డబ్బాల రెజిన్ కలిపి పోసి మాకు అందించే ధైర్యం మీకే ఉంది. జపాన్‌లో 1980ల్లో కుర్రాళ్లు ఇళ్లలోనే పోసి అమ్ముకున్న బొమ్మలకి గ్యారేజ్ కిట్లని పేరొచ్చింది. 1985లో మొదలైన వండర్ ఫెస్టివల్‌లో ఇప్పటికీ జనం అలాంటి కిట్ల కోసం వరసల్లో నిలబడతారు. చేతిపని మీద ఉన్న గౌరవమే వాళ్లని అక్కడికి రప్పిస్తోంది. నాకూ మీ మీద ఉన్నది ఆ గౌరవమే.

ఇక అసలు విషయానికొస్తాను.

మా పక్కింటి బాబాయి నేవీలో చేసి రిటైరయ్యారు. ఎనభైల్లో కొన్నేళ్లు ఐఎన్ఎస్ కురుసురలో పనిచేశారు. విశాఖ వచ్చినవాళ్లు ఆర్కే బీచ్‌లో టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లి చూసే జలాంతర్గామి అదే. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో సర్వీసు ముగించుకుని, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా నిలబడి ఉంది. బాబాయికి ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు. "ఆ మెట్లెక్కి లోపలికి దూరలేకపోతున్నానురా. ఇంట్లో పెట్టుకోవడానికి ఒకటి చేసిపెట్టు" అని అడిగారు. ఆయన నన్ను ఇన్నేళ్లలో అడిగింది అదొక్కటే.

1/350 స్కేల్లో, అంటే అసలు దానిలో 350వ వంతు సైజులో, కురుసుర రకమే అయిన ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి రెజిన్ కిట్ ఒకటి దొరికింది. తెప్పించాను. ఎవరు చేశారో చెప్పను, అది ఇక్కడ అనవసరం. అసలు కురుసుర పొడవు 91.3 మీటర్లు, అంటే కిట్‌లో ఒళ్లు 26 సెంటీమీటర్లు ఉండాలి. ఉంది. కొలత సరిగ్గా ఉంది, గీతలు చక్కగా పడ్డాయి, సోనార్ గుబ్బ అందంగా ఉంది. అచ్చు తీయడానికి మొదట చేసే అసలు నమూనా, అంటే మాస్టర్, చేసినవాడికి పని బాగా వచ్చు. కానీ ల్యాబ్‌లో నా గ్రానైట్ పలక మీద దాన్ని పెట్టేసరికి తోక గాల్లోకి లేచింది. కింద ఫీలర్ గేజ్ ఆకులు, అంటే సందు కొలిచే సన్నటి రేకులు, ఒకదాని మీద ఒకటి పెట్టి కొలిచాను. నాలుగు మిల్లీమీటర్లు. అసలు ఓడలో అయితే దగ్గర దగ్గర మీటరున్నర.

ఇంకా నేనేమీ చెప్పకముందే బాబాయి దాన్ని చేతిలోకి తీసుకుని కంటికి ఎదురుగా పెట్టి చూశారు. "లోపలున్నప్పుడు ఒక్క డిగ్రీ వాలినా మాకు కాళ్ల కింద తెలిసిపోయేదిరా. ఇది మన బోటు కాదు" అని నెమ్మదిగా కింద పెట్టేశారు. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

మోడళ్లు కట్టేవాళ్లకి వంకర కొత్తేమీ కాదు. వేడి నీళ్లలో ముంచు, మెత్తబడ్డాక తిన్నగా చెయ్యి, చల్లటి నీళ్లలో పెట్టు అని ఎవరిని అడిగినా చెప్తారు. నేనూ అదే చేశాను. కాకపోతే మా ల్యాబ్‌లో మైనం మెత్తబరచడానికి వాడే వాటర్ బాత్ ఉంది, దానికి డిగ్రీలు చూపించే డయల్ ఉంది. కాబట్టి ఊరికే వేడి నీళ్లు అని కాకుండా ఎన్ని డిగ్రీల దగ్గర ఏం జరిగిందో చూడగలిగాను. పోత ముక్కల్లోంచి ఒక సన్నటి ముక్క కోసి వేశాను. 50 దగ్గర ఏమీ లేదు. 58 దగ్గర వేలితో నొక్కితే కొంచెం లొంగింది. 66 దగ్గర రబ్బరులా అయింది. సరే అని ఒళ్లుని 68 దగ్గర పెట్టాను. సన్నటి పార్టుకి అర నిమిషం చాలు గానీ రెండు సెంటీమీటర్ల లావున్న రెజిన్ దిమ్మకి వేడి లోపలిదాకా వెళ్లాలంటే చాలాసేపు పడుతుంది. రెజిన్‌లోంచి వేడి మెల్లగా పాకుతుంది. ఇరవై నిమిషాలు ఉంచాను. తీసి గ్రానైట్ మీద బోర్లా పెట్టి, తోక మీద ఇనప దిమ్మ పెట్టి, పూర్తిగా చల్లారేదాకా కదపలేదు. తిన్నగా అయింది. బాబాయికి ఫోన్ చేసి చెప్పాను కూడా.

మూడో రోజు పొద్దున చూస్తే తోక రెండు మిల్లీమీటర్లు లేచి ఉంది.

ఇక్కడే నాకు అసలు విషయం అర్థమైంది. ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా అదే. కొంచెం ఓపికగా చదవండి.

ఈ కిట్లు పోసే పాలీయురేథేన్ రెజిన్ గట్టిపడ్డప్పుడు ఏ ఆకారంలో ఉందో ఆ ఆకారాన్ని అది గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత బరువు మీద పడో, కొరియర్ వ్యాన్లో ఎండకి కాగిపోయో వంగితే, ఆ వంపు పైపైది. దాన్ని వేడి నీళ్లలో వేస్తే మీరు చెయ్యి వెయ్యకుండానే తిరిగి తిన్నగా అవుతుంది. నేను కళ్లారా చూశాను. కిట్‌లో ఇంకో పార్టు, కిందివైపు అతికించే ఒక పొడుగాటి బద్ద, ప్యాకెట్‌లో నలిగి విల్లులా వంగి వచ్చింది. 66 డిగ్రీల నీళ్లలో వేసేసరికి, నిద్ర లేచి ఒళ్లు విరుచుకున్నట్టు, మెల్లగా తనంతట తానే చాపుకుంది. కానీ పూర్తిగా గట్టిపడకముందే అచ్చులోంచి తీసేసి, ఆ మెత్తటి దశలో వంగిపోతే, అలా వంగి ఉండగానే మిగతా గట్టిపడటం పూర్తయితే, ఆ పార్టుకి వంపే సొంత ఆకారం. మనం ఎన్నిసార్లు వేడి చేసి తిన్నగా చేసినా, వదిలేస్తే మళ్లీ అటే పోతుంది. మన ఊళ్లో మే నెల ఎండకి గదిలోనే మొదలవుతుంది.

అంటే వేడి నీళ్లు వంకరని సరిచెయ్యడమే కాదు, అది ఎక్కడ పుట్టిందో కూడా చెప్పేస్తాయి. ఆ బద్ద వంకర దారిలో పుట్టింది. జలాంతర్గామి ఒళ్లు వంకర మాత్రం మీ బల్ల మీద, అచ్చు తెరిచిన వేళ పుట్టింది.

మా పనిలో దీనికి ఒక నియమం ఉంది. కట్టుడు పళ్ల సెట్టు వేడిలో వండి గట్టిపరచాక, ఇత్తడి ఫ్లాస్కుని, అంటే అచ్చు ఉండే డబ్బాని, వెంటనే తెరవకూడదు. తెరిస్తే లోపలి సెట్టు పైకి గట్టిగానే కనిపిస్తుంది, చేతిలోకి చక్కగానే వస్తుంది, కానీ రాత్రికి రాత్రి మెలి తిరుగుతుంది. అందుకే గదిలోనే బల్ల మీద పెట్టి మెల్లగా చల్లారనిస్తాం. నేను పని నేర్చుకున్న కొత్తల్లో మా గురువుగారు ఈ విషయంలో ఒక్కరోజు కూడా ఊరుకోలేదు. ఎంత అర్జెంటని డాక్టర్ ఫోన్ చేసినా ఫ్లాస్కు చల్లబడ్డాకే తెరిచేవారు.

మీ పనిలో దీని కన్నా ఇంకో తిరకాసు ఉంది. రెండు డబ్బాల రెజిన్ కలిసినప్పుడు దానంతట అదే వేడెక్కుతుంది, ఆ వేడికే త్వరగా గట్టిపడుతుంది. లావుగా ఉన్నచోట ఎక్కువ రెజిన్ ఉంటుంది కాబట్టి ఎక్కువ వేడి, త్వరగా గట్టిపడుతుంది. సన్నగా ఉన్నచోట, రెక్క అంచు, తోక కొస, గన్ను గొట్టం, అక్కడ వేడి తక్కువ, చుట్టూ ఉన్న సిలికాన్ ఆ కాస్త వేడినీ లాగేసుకుంటుంది. కాబట్టి సన్నటివే ఆలస్యంగా గట్టిపడతాయి. మీరు అచ్చు పైన, రెజిన్ పోసిన చోట మిగిలే పోత దిమ్మని వేలితో తట్టి చూస్తారు, రాయిలా ఉంటుంది, అయిపోయిందని లాగేస్తారు. లాగిన ఆ క్షణంలో రెక్క కొస ఇంకా జున్నులా ఉంటుంది. దాన్ని బల్ల మీద ఎలా పడేస్తే అలా గట్టిపడిపోతుంది. అందుకే చాలా రెజిన్ కిట్లలో సరిగ్గా సన్నటివే వంకరగా వస్తాయి. అవి సన్నగా ఉండటం వల్ల వంగలేదు, ముందుగా తీయడం వల్ల వంగాయి.

అందుకని మిమ్మల్ని నేను గట్టిగా అడిగేది ఇదొక్కటే. దిమ్మ గట్టిపడిందని తీయకండి. సన్నటి కొస గట్టిపడేదాకా ఆగండి. డబ్బా మీద పదిహేను నిమిషాలు, అరగంట అని రాసి ఉంటుంది. అది కంపెనీవాడు లావుపాటి ముక్కతో, తన గది వేడిలో పరీక్షించి రాసిన లెక్క. మీ అచ్చు, మీ రెక్క, మీ వానాకాలం దానికి తెలియవు. ఇంకో అరగంట, చలికాలమైతే ఇంకో గంట అచ్చులోనే ఉంచండి. తీశాక కూడా పొడుగాటివి, పల్చటివి వెంటనే డబ్బాలో పడెయ్యకుండా ఒక గాజు పలక మీద పరిచి, మర్నాడు పొద్దుటిదాకా అలాగే ఉంచండి. వీలైతే అచ్చులో ఉండగానే 45, 50 డిగ్రీల వెచ్చటి పెట్టెలో రెండు గంటలు ఉంచండి. దీనివల్ల పూర్తిగా గట్టిపడటమే కాదు, తర్వాత వేడికి తట్టుకునే శక్తి కూడా పెరుగుతుంది. మా ఎండల్లో అది మాకు చాలా ముఖ్యం.

దీనివల్ల రోజుకి తీసే పోతలు తగ్గుతాయని నాకు తెలుసు. ఒక్క అచ్చు మీద గంటకి రెండు తీసేవాడు ఒకటే తీయగలుగుతాడు. ఇంకో అచ్చు కట్టుకోవాలి. ఆ ఖర్చు మా మీద వెయ్యండి. కిట్ రేటు ఒక వంద రూపాయలు పెంచండి, నేను ఇస్తాను, నాలాంటివాళ్లు చాలామంది ఇస్తారు. మా ల్యాబ్‌లో కూడా నాలుగు ఫ్లాస్కులతో మొదలుపెట్టి పన్నెండు కొనుక్కున్నది ఇందుకే, తొందర పడకుండా పని చెయ్యడానికి.

అచ్చు వయసు గురించి కూడా చెప్పాలి. సిలికాన్ అచ్చు కొన్ని డజన్ల పోతలకి మించి బతకదు. రెజిన్ ఆ రబ్బరుని పోత పోతకీ ఎండబెట్టేస్తుంది, పెళుసెక్కుతుంది, లోపలికి తిరిగిన మూలల దగ్గర చిరుగుతుంది. చిరిగిన చోటల్లా పార్టు మీద రెజిన్ గడ్డ వస్తుంది. రెండు భాగాల అచ్చు వదులైపోతే పై సగం కింద సగంతో కలవకుండా జరిగి, గుండ్రటి గొట్టం మెట్టులా పడుతుంది. గడ్డని గీకెయ్యొచ్చు. మెట్టు పడ్డ గొట్టాన్ని మాత్రం ఎంత అరగదీసినా మళ్లీ గుండ్రంగా రాదు. కురుసుర పెరిస్కోపులు అలాగే వచ్చాయి. తీసి పక్కన పెట్టి, మా ల్యాబ్‌లో పళ్ల క్లిప్పులు చేసే 0.7 మిల్లీమీటర్ల స్టీలు తీగతో కొత్తవి చేసుకున్నాను. అన్నట్టు, ఇది మోడళ్లు కట్టేవాళ్లకి కూడా చెప్తున్నాను: మాస్టులు, యాంటెన్నాలు, గన్ను గొట్టాలు ఇలా సన్నగా పొడుగ్గా ఉన్నవాటిని తిన్నగా చెయ్యడానికి గంటలు గంటలు పెట్టకండి. ఇత్తడి తీగో, స్టీలు తీగో, వాడేసిన ఇంజెక్షన్ సూదో పెట్టేయండి. అది వందేళ్లకీ వంగదు.

బుడగల సంగతి కూడా ఇలాంటిదే. గాలి తీసే వ్యాక్యూమ్ లేకపోయినా ప్రెజర్ పాట్ (లోపల గాలి ఒత్తిడి పెంచే గట్టి పాత్ర) ఒకటి ఉంటే బుడగల్ని కంటికి కనపడనంత చిన్నవిగా నొక్కెయ్యొచ్చు. మేం కట్టుడు పళ్లకి కూడా అదే వాడతాం. అయితే చాలామంది ఒక పొరపాటు చేస్తున్నారు. రెజిన్‌ని ప్రెజర్‌లో గట్టిపరుస్తారు గానీ, అచ్చు కట్టినప్పుడు సిలికాన్‌ని మామూలుగానే గట్టిపరుస్తారు. ఆ రబ్బరులోపల దాక్కున్న బుడగలు ప్రెజర్‌కి నొక్కుకుపోయి, ఆ గుంటల్లోకి రెజిన్ వెళ్లి, పార్టు నిండా చెమటకాయల్లా బొబ్బలు వస్తాయి. అచ్చుని కూడా అదే ప్రెజర్‌లో గట్టిపరిస్తే ఈ బాధ ఉండదు.

మన తీరంలో కూర్చుని పోసే కుర్రాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. రెజిన్ రెండు డబ్బాల్లో ఒకదానిలో ఉండే ఐసోసయనేట్ అనే రసాయనానికి నీటి తేమ పడదు. తేమ తగిలితే అది కార్బన్ డై ఆక్సైడ్ వదులుతుంది, రెజిన్ సోడాలా నురగ కడుతుంది. వైజాగ్‌లో, కాకినాడలో, బందరులో ఆగస్టు నెలలో మూత తీసి పెట్టిన డబ్బా మర్నాటికి పాడైనట్టే లెక్క. కలపడానికి చెక్కపుల్ల, కాగితం కప్పు వాడకండి, వాటిల్లో కూడా తేమ ఉంటుంది. మూత పెట్టేముందు డబ్బాలో పొడి గ్యాస్ ఊదే స్ప్రే దొరుకుతుంది, అది వాడండి. లేకపోతే చిన్న డబ్బాలే కొనుక్కోండి. దయచేసి మాస్కు, గ్లౌజులు లేకుండా దాని దగ్గర కూర్చోకండి. ఐసోసయనేట్ ఆవిరి వల్ల ఆస్తమా రావచ్చు. ఒకసారి వచ్చిందంటే ఆ తర్వాత కొద్దిపాటి వాసనకి కూడా ఊపిరి ఆడదు, పని మానెయ్యాల్సిందే. ఇరవై ఏళ్ల కుర్రాడు బొమ్మల మీద ప్రేమతో ఊపిరితిత్తులు పాడుచేసుకోకూడదు. మా ల్యాబ్‌లో అరగదీసే ప్రతి టేబుల్‌కీ దుమ్ము లాగే సక్షన్ ఉంటుంది. ఇంట్లో కిట్టు అరగదీసేవాళ్లకి సక్షన్ ఉండదు కాబట్టి నీళ్లలో తడిపి తడి ఎమెరీ కాగితంతోనే అరగదీయండని కాగితం మీద రాసి పెట్టండి.

ఇక పోత దిమ్మ. రెజిన్ ఎటువైపు నుంచి పోస్తారో అక్కడ ఒక లావుపాటి దిమ్మ మిగులుతుంది, దాన్ని మేం రంపంతో కోసుకోవాలి. అది రెక్క వెనక అంచు పొడవునా గోడలా అతుక్కుని వస్తే ఏం చెయ్యాలి? ఆ అంచు కాగితమంత పల్చగా ఉండాలి. రంపం వేస్తే అంచు కూడా పోతుంది. రెక్క మొదట్లో, ఒంటికి అతుక్కునే వైపు పొయ్యండి, అతికాక అది ఎలాగూ కనపడదు. జలాంతర్గామికైతే కింద, స్టాండు బోల్టు వచ్చే చోట పొయ్యండి. గోడలా కాకుండా నాలుగు సన్నటి కాళ్లలా ఇస్తే కత్తితోనే తీసేస్తాం.

ఇప్పుడు మా అన్నయ్య కొడుకు సంగతి చెప్తాను. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. నన్ను చూసి వాడికీ సరదా పుట్టి, దాచుకున్న డబ్బుతో 1/72 స్కేల్లో మారుత్ రెజిన్ కిట్ కొనుక్కున్నాడు. వాడికది మొదటి కిట్. ఒక రెక్క మెలి తిరిగి ఉంది. హాస్టల్లో ఎవడో చెప్పాడని స్టవ్ మీద నీళ్లు తెర్లించి, గిన్నెలోనే రెక్క వేసేశాడు. ఆ రెజిన్‌కి మరుగు నీళ్లు మరీ ఎక్కువ. రెక్క తడి గుడ్డలా వేలాడిపోయింది. పట్టుకుని లాగేసరికి సాగింది, గీతలు పోయాయి, వేళ్ల గుర్తులు పడ్డాయి. నాకు ఫొటో పంపి, "బాబాయ్, నాది తప్పా?" అని అడిగాడు.

నాన్నా, నీది తప్పు కాదని చెప్పాను. కిట్‌లో ఆరు పేజీల కాగితం ఉంది. ఏ పార్టు ఎక్కడ అతికించాలో, ఏ రంగు వెయ్యాలో అంతా ఉంది. ఈ రెజిన్ ఎన్ని డిగ్రీల దగ్గర మెత్తబడుతుందో మాత్రం ఎక్కడా లేదు. అది మీకు తెలిసిన విషయమే. రెజిన్ అమ్మినవాడు ఇచ్చిన షీటులో ఉంటుంది, లేకపోయినా ఒక ముక్కని, ఒక థర్మామీటర్ని పట్టుకుని పది నిమిషాల్లో కనుక్కోవచ్చు. ఒక రెజిన్‌కి 55 చాలు, ఇంకోదానికి 80 కావాలి. మాకెలా తెలుస్తుంది? ఒక్క వాక్యం రాయండి: ఈ పార్టులు ఇన్ని డిగ్రీల నీళ్లలో ఇన్ని సెకన్లు ఉంచితే మెత్తబడతాయి, అంతకు మించి వేడి చెయ్యొద్దు. సూపర్ గ్లూతోనో ఎపాక్సీతోనో మాత్రమే అతుకుతాయని, ప్లాస్టిక్ కిట్లకి వాడే సిమెంట్ అనే జిగురు పనిచెయ్యదని రాయండి. అచ్చు నూనె పోవడానికి గిన్నెలు తోమే సబ్బుతో కడగమని రాయండి, లేకపోతే రంగు పెచ్చులూడిపోతుంది. మీకు ఇవన్నీ చిన్నప్పటి ఎక్కాల్లాంటివి. కొత్తవాడికి మాత్రం ఆ నాలుగు వాక్యాలు లేకపోవడమే కిట్ పాడవడానికి కారణం అవుతోంది.

మా వాడు ఆ డబ్బా మూసేసి మంచం కింద పెట్టేశాడు. నేను రెండుసార్లు అడిగాను, తర్వాత చూస్తాలే బాబాయ్ అన్నాడు. పాడైన రెక్క ఒక్కటి విడిగా అమ్మమని తయారుచేసినవారికి రాశాం. జవాబు రాలేదు. అచ్చు ఇంకా మీ దగ్గర ఉన్నంతకాలం ఒక్క పార్టు పోసి పంపడం మీకు కష్టం కాదు. డబ్బులు తీసుకునే పంపండి. ఒక రెక్క కోసం కిట్ మొత్తం మళ్లీ కొనమంటే, ఇరవై ఏళ్లవాడు కొనడు, ఆ సరదా అక్కడితో ఆగిపోతుంది.

ప్యాకింగ్ విషయంలో ఎక్కువ చెప్పక్కర్లేదు. బరువైన ఒళ్లు, సన్నటి రెక్కలు ఒకే సంచిలో వెయ్యకండి. రెక్కలని అట్టముక్కకి టేపుతో పరిచి అతికించండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కొరియర్ వ్యాన్లో వేడి ఎంత ఉంటుందో మీ మారుతీ కారు డ్యాష్‌బోర్డ్ మీద చెయ్యి పెట్టి చూడండి.

కురుసుర దగ్గరికి వస్తాను. మళ్లీ మళ్లీ లేస్తున్న ఆ తోకతో నెల రోజులు కుస్తీ పట్టాను. చివరికి తనంతట తాను తిన్నగా ఉండదని ఒప్పుకుని, కింద నుంచి రెండు చోట్ల బెజ్జాలు వేసి, ఎపాక్సీతో ఇత్తడి నట్లు కూర్చాను. వేడి చేసి, ఒక మిల్లీమీటరు అటువైపుకి ఎక్కువగా వంచి, చల్లారాక టేకు చెక్క స్టాండుకి రెండు బోల్టులతో బిగించాను. ఇప్పుడు ఆ చెక్కే దాన్ని తిన్నగా పట్టుకుని ఉంది. బోల్టు ఊడదీస్తే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి ఊడదియ్యను. రంగు వేసి, తీగతో చేసిన పెరిస్కోపులు పెట్టి బాబాయికి ఇచ్చాను. ఆయన దాన్ని కిటికీ దగ్గర కాకుండా ఎండ తగలని అల్మరాలో పెట్టుకున్నారు. రోజూ ఒకసారి వంగి, కంటికి ఎదురుగా పెట్టి, తోక వైపు చూస్తారని పిన్ని చెప్పింది.

ఇప్పుడు ఆయన ఇంకోటి అడిగారు. బీచ్ రోడ్డులో కురుసురకి ఎదురుగా 2017 డిసెంబరు నుంచి నిలబెట్టిన, నేవీ వాడిన టీయూ-142 గస్తీ విమానం. దాని రెక్కల వెడల్పు 50 మీటర్లు. 1/144 స్కేల్లో కూడా దాదాపు 35 సెంటీమీటర్లు, పొడుగ్గా, సన్నగా, వెనక్కి వాలి ఉంటాయి. నాలుగు ఇంజిన్లకి ఎదురెదురు దిక్కుల్లో తిరిగే ఎనిమిది ప్రొపెల్లర్లు, ఒక్కోదానికి నాలుగు బ్లేడ్లు, మొత్తం 32. రెజిన్‌లో పోసేవారికి ఇంతకన్నా కష్టమైన విమానం దొరకదు. మీలో ఎవరైనా అది చేసే ఆలోచనలో ఉంటే నాకు చెప్పండి. మ్యూజియంకి వెళ్లి ఏ మూల ఫొటో కావాలన్నా తీసి పంపుతాను, కొలతలు చూసి పెడతాను, మొదటి పోతలు నా గ్రానైట్ పలక మీద పెట్టి ఎంత లేచాయో కొలిచి చెప్తాను. డబ్బులు ముందే ఇస్తాను. ఆర్నెల్లు ఆగమన్నా ఆగుతాను. ఆ రెక్క కొస పూర్తిగా గట్టిపడేదాకా మాత్రం మీరు అచ్చు తెరవకండి.

ఇట్లు,
ఒక డెంటల్ ల్యాబ్ టెక్నీషియన్,
విశాఖపట్నం